నర్సింగ్ ల్యాబ్‌కి కొన్న ఇంటరాక్టివ్ వీడియో ప్యాకేజీ: ఏడాదిన్నర వాడాక

రైల్స్ ట్యూబ్, అంటే ముక్కులోంచి పొట్టలోకి దింపే గొట్టం, వేయడం నేర్పాలంటే మా ల్యాబ్‌లో ఇదీ వరస. డమ్మీని మంచం మీద తల ఎత్తి కూర్చోబెడతాను. చుట్టూ నలభై మంది పిల్లలు నిలబడతారు. ముందు వరసలో ఉన్న ఏడెనిమిది మందికి నా చేతులు కనిపిస్తాయి. రెండో వరసకి ముందు వరస వాళ్ల కొప్పులు, వాటి మీది నెట్లు కనిపిస్తాయి. మూడో వరస కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ ఉంటుంది. చివర్లో "అర్థమైందా?" అని అడిగితే మాత్రం నలభై గొంతులూ ఒక్కసారే "ఆయ్ మేడమ్" అంటాయి. మర్నాడు రిటర్న్ డెమోకి, అంటే చూసింది తిరిగి చేసి చూపించడానికి, పిలిచినప్పుడు తెలుస్తుంది ఆ ఆయ్ విలువ ఎంతో.

నేను పద్నాలుగేళ్లు వార్డుల్లో పనిచేశాను, అందులో ఆరేళ్లు మస్కట్‌లో. ఇప్పుడు కోనసీమలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. 2021లో బీఎస్సీ నర్సింగ్‌కి సెమిస్టర్ సిలబస్ వచ్చాక థియరీ గంటలు, స్కిల్ ల్యాబ్ గంటలు, క్లినికల్ గంటలు విడివిడిగా చూపించాల్సి వస్తోంది. ల్యాబ్ గంటలు కాగితం మీద పెరిగాయి గానీ డమ్మీలు పెరగలేదు. అలాంటి సమయంలో ఒక కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ సంచీతో దిగాడు. "మేడమ్, ఇక మీరు డెమో ఇవ్వక్కర్లేదు, వీడియోనే ఇస్తుంది, ప్రశ్నలూ అదే అడుగుతుంది, మార్కులూ అదే వేస్తుంది" అన్నాడు. ప్రిన్సిపాల్ గారికి చివరి మాట బాగా నచ్చింది. నాకు మొదటి మాట నచ్చలేదు. అయినా కొన్నాం. ఒక్కో విద్యార్థికి ఏడాదికి పన్నెండు వందల చొప్పున, నలభై లైసెన్సులు. కంపెనీ పేరు రాయను. వాళ్లతో మా ఉత్తర ప్రత్యుత్తరాలు ఇంకా నడుస్తున్నాయి.

ముందు, అసలు ఇది ఏమిటో చెప్పాలి. యూట్యూబ్‌లో ప్రొసీజర్ వీడియోలు బోలెడు. అవి మొదటి నుంచి చివరి దాకా వాటి మానాన అవి పోతాయి. చూసేవాళ్లు నిద్రపోయినా ఆగవు. ఇది ఆగుతుంది. నర్సు ట్యూబు పట్టుకుంటుంది, బొమ్మ ఆగిపోతుంది, "ఎంత పొడవు లోపలికి పంపాలి?" అని అడుగుతుంది. ముక్కు చివర నుంచి చెవితమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలవాలని తెరమీద గీత గీసి చూపించాలి. చూపిస్తేనే ముందుకు వెళుతుంది. ఇంతవరకూ మామూలే. గొప్ప ఎక్కడుందంటే, తప్పు నొక్కితే "తప్పు" అని ఎర్ర అక్షరాలు వేసి ఊరుకోదు. ఆ తప్పు చేస్తే ఏమవుతుందో సినిమాలా చూపిస్తుంది.

ట్యూబు సగం వెళ్లాక తెరమీది రోగి దగ్గడం మొదలుపెడతాడు. "ఇంకా తొయ్యాలా, కొంచెం నీళ్లు తాగించాలా, వెనక్కి తియ్యాలా?" అని ప్రశ్న. మలికిపురం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి "తొయ్యాలి" నొక్కింది. రోగి దగ్గు ఎక్కువైంది, మాట రావడం లేదు, పక్కనున్న మానిటర్‌లో ఆక్సిజన్ అంకె తొంభై ఆరు నుంచి తొంభై, ఎనభై ఆరు అని దిగుతోంది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడి "బాబోయ్, తీసెయ్యండి మేడమ్, తీసెయ్యండి" అని మౌస్ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. నా మొదటి పోస్టింగులో నిజం మనిషి మీద ఇదే తప్పు చేయబోతే ఇన్‌చార్జ్ సిస్టర్ నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. ఈ పిల్లకి ఆ భయం ఎవరికీ అపాయం లేకుండా దొరికింది. పన్నెండు వందల్లో సగం నాకు అక్కడే వసూలైపోయింది.

బీపీ పాఠం ఇంకా బాగుంది. మా దగ్గర ఇద్దరు కలిసి వినే టీచింగ్ స్టెతస్కోపు ఒక్కటే ఉంది. పిల్ల "వినపడుతోంది మేడమ్" అంటుంది, ఏం వినపడుతోందో మనకి తెలియదు. కొందరైతే పక్కవాళ్ల రీడింగ్ చూసి రెండు తగ్గించి రాసేస్తారు. 1905లో కొరోట్కోవ్ అనే రష్యన్ డాక్టరు చెప్పిన ఆ చప్పుళ్లే నేటికీ మనం వింటున్నాం గదా, వాటిని ఈ ప్యాకేజీ హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా వినిపిస్తుంది. తెరమీద పాదరసం దిగుతుంటే చప్పుడు మొదలైన చోట ఒకసారి, ఆగిన చోట ఒకసారి నొక్కాలి. రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే ఊరుకుంటుంది, పది వస్తే మళ్లీ చేయమంటుంది.

అందులో నాలుగో కేసు ఒక ముసలాయన. పిల్లలందరూ నూట అరవై దాకా గాలి కొట్టి, దింపుతూ విని, "130 బై 96" అని రాశారు. తెర ఒప్పుకోలేదు. మళ్లీ చేశారు, మళ్లీ అదే. "మేడమ్, కంప్యూటర్ పాడైంది" అని నా దగ్గరికి వచ్చారు. పాడవలేదు. ఆయన చప్పుడు నిజానికి 178 దగ్గర మొదలై, 165 దగ్గర మాయమై, మళ్లీ 130 దగ్గర వస్తుంది. రక్తనాళాలు గట్టిపడిన పెద్దవాళ్లలో, బీపీ బాగా ఎక్కువున్న వాళ్లలో మధ్యలో ఇలా చప్పుడు ఖాళీ వస్తుంది. స్టెతస్కోపు పెట్టకముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టి, నాడి ఎక్కడ ఆగిందో చూసి, దాని మీద ఇంకో ముప్పై ఎక్కిస్తే ఇది దొరుకుతుంది. నాడి చూసే బటన్ తెరమీద మొదటి నుంచీ ఉంది. ఎవరూ నొక్కలేదు. ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద రాసేదాన్ని, "ముందు పాల్పేషన్" అని. వాళ్లు నోట్సులో రాసుకునేవారు, వార్డులో వదిలేసేవారు. ఈ ముసలాయన చేతిలో ఓడిపోయాక ఆ బ్యాచ్‌లో ఒక్కరు కూడా వదలడం నేను చూడలేదు.

ఇక తిట్టాల్సినవి.

ఇది మన కోసం తీసింది కాదు. ఇంజెక్షన్ పాఠం చివర నర్సు సూదిని తీసుకెళ్లి పసుపు డబ్బాలో వేస్తుంది. వాళ్ల దేశంలో అది సూదుల డబ్బా. మన దగ్గర 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలోకి వెళ్లాలి. పసుపు సంచీ రక్తం అంటిన దూదికీ, డ్రెస్సింగులకీ. వీడియోలో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల వార్డులో పోస్టింగు మొదటి రోజే సూదిని పసుపు సంచీలో పడేసింది. పసుపు సంచీ పల్చగా ఉంటుంది, మోసుకెళ్లే ఆయా తొడకి రాసుకుంటూ తీసుకెళుతుంది. అదృష్టం బాగుండి వార్డు సిస్టర్ చూసింది. ఆ రోజు నేను తిన్న చీవాట్లు ఇక్కడ రాయను.

డ్రిప్ లెక్క కూడా అంతే. లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, నిమిషానికి ఎన్ని చుక్కలు? వీడియోలో డ్రిప్ గొట్టం సెట్టు మిల్లీలీటరుకి 15 చుక్కలది, జవాబు 31. మా ఆసుపత్రికి వచ్చే సెట్టు 20 చుక్కలది, జవాబు 42. పిల్లలు ఫార్ములా మర్చిపోయి 31 బట్టీ పట్టారు. 42 పడాల్సిన చోట 31 పడితే ఎనిమిది గంటల సీసా దాదాపు పదకొండు గంటలు నడుస్తుంది. సెట్టు ప్యాకెట్ మీద ఉన్న అంకె ముందు చదవాలనే ముక్క ఆ పాఠంలో ఎక్కడా లేదు.

ఒకచోట మాత్రం వీడియోదే సరి, మాదే తప్పు. ట్యూబు పొట్టలోకి వెళ్లిందో లేదో చూడటానికి మా వార్డుల్లో సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెత్ పెట్టి గుడగుడ వింటారు. ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపించొచ్చు కాబట్టి దాన్ని నమ్మొద్దని ఇప్పుడు చెబుతున్నారు. లోపలి నుంచి కొంచెం రసం లాగి, ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ పేపరు మీద వేసి 5.5 లేదా అంతకన్నా తక్కువ ఉంటే సరే, అనుమానం ఉంటే ఎక్స్‌రే. వీడియో అదే నేర్పింది. మా పిల్ల వెళ్లి సీనియర్ సిస్టర్‌తో "పీహెచ్ చూడాలి కదండీ" అంది. "నువ్వు నాకు నేర్పుతున్నావా?" అని ఆవిడ. నిజానికి వార్డులో ఆ పేపరే లేదు. నేను వెళ్లి సర్ది చెప్పి, ఇండెంట్‌లో రాయించాను. రెండు నెలలకి వచ్చింది. ఆ సిస్టరే ఇప్పుడు పిల్లల్ని "పేపరు తెచ్చావా?" అని అడుగుతోంది.

మార్కుల సంగతికి వస్తాను, ఎందుకంటే ప్రిన్సిపాల్ గారికి నచ్చింది అదే. మొదటి సెమిస్టర్‌లో ఇంటర్నల్స్‌కి తెరమీది మార్కులే వేద్దామన్నారు. సరే అని పట్టిక తీశాను. క్యాథటరైజేషన్‌లో, అంటే మూత్రం గొట్టం వేయడంలో, ఒక అమ్మాయికి 96, ఇంకొక అమ్మాయికి 54. ఇద్దర్నీ డమ్మీ దగ్గరికి పిలిచాను. 96 వచ్చిన అమ్మాయి స్టెరైల్ (క్రిములు లేని) గ్లోవ్ ప్యాకెట్ విప్పి, మొదటి గ్లోవ్‌నే బయటి వైపు ఒట్టి వేళ్లతో పట్టుకుంది. అక్కడితో ఆ గ్లోవ్ స్టెరైల్ కాకుండా పోయింది. తెరమీద "గ్లోవ్స్ వేసుకో" అనే బొమ్మ నొక్కితే వాటంతట అవే తొడుక్కుంటాయి, పాపం తనకేం తెలుసు. 54 వచ్చిన అమ్మాయి, లంక ఊరి పిల్ల, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ట్రే సర్దడం దగ్గర నుంచి ఒక్క చుక్క తడి బయటపడకుండా చేసింది. మరి 54 ఎందుకు? కూర్చోబెట్టి ప్రశ్నలు తెలుగులో అడిగాను. పద్దెనిమిదికి పదహారు చెప్పింది. ఆ ప్యాకేజీ కొలిచింది ఆ పిల్ల చేతిని కాదు, ఇంగ్లీషుని. అదీ మన ఇంగ్లీషు కూడా కాదు, ముక్కుతో మాట్లాడే యాస. ఆ పట్టికని ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టి, ఈ మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించనని చెప్పాను. కాసేపు మొహం ముడుచుకున్నారు. ఎక్కించలేదు.

భాష గురించి కంపెనీకి రాస్తే తెలుగు సబ్‌టైటిల్స్ పంపారు. ఏ మనిషీ చదివి పంపినట్టు లేదు. స్టూల్ పరీక్ష, అంటే మల పరీక్ష, "పీట పరీక్ష" అయింది. గాయం నుంచి డిశ్చార్జ్, అంటే రసి కారడం, "గాయం నుంచి విడుదల" అయింది. టెండర్ అబ్డామిన్, అంటే నొక్కితే నొప్పెట్టే పొట్ట, "లేత పొట్ట" అయింది. కోనసీమ పిల్లలకి లేత అంటే ఇంకేం గుర్తొస్తుంది? రెండు వారాలు సర్జికల్ వార్డులో కడుపునొప్పి కేసుల్ని "కొబ్బరిబొండం కేసు" అని గుసగుసలాడుకున్నారు. సబ్‌టైటిల్స్ ఆపేశాం.

సర్వీసు అంతంతమాత్రం. ఫోన్ చేస్తే హిందీలో మాట్లాడతారు, టికెట్ నంబర్ ఇస్తారు. నెట్ ఉంటేనే నడుస్తుంది. నెట్ మధ్యలో పోతే ఆ పిల్ల లాగిన్ ఇరవై నిమిషాలు తాళం పడిపోతుంది. మాది పన్నెండు కంప్యూటర్ల ల్యాబు, వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. గోదావరికి వరద వచ్చిన వారం సగం మంది లంకల్లోనే ఉండిపోయారు. ఇంట్లో ఫోన్‌లో చూసుకోవచ్చని అమ్మేటప్పుడు చెప్పింది, ఆ వారమే పనికిరావాల్సింది, పనికిరాలేదు. డౌన్‌లోడ్ చేసుకునే వీలు లేదు.

ఇదంతా కొత్త సరుకు అన్నట్టు అమ్మారు గానీ, కొత్తదేం కాదు. 1960లలోనే అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లాటో అనే కంప్యూటర్ మీద మేరియన్ బిట్జర్ అనే నర్సు, గుండెజబ్బు రోగి సంరక్షణని విద్యార్థినులు తామే వెతుక్కుంటూ నేర్చుకునే పాఠం చేసింది. 1980ల తొలి రోజుల్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌లో డేవిడ్ హాన్ లేజర్ వీడియో డిస్కుని, సెన్సర్లు పెట్టిన డమ్మీని ఒకే కంప్యూటర్‌కి కలిపి సీపీఆర్ నేర్పాడు. డమ్మీ ఛాతీని నువ్వు ఎలా నొక్కుతున్నావో తెరకి తెలిసేది. నలభై ఏళ్ల తర్వాత మేం కొన్నదాంట్లో సీపీఆర్ పాఠం అంటే మౌస్‌ని నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు నొక్కడం. ఐదు సెంటీమీటర్ల లోతు ఎలా ఉంటుందో మౌస్ ఏం చెబుతుంది? ఆ పాఠం మేం పూర్తిగా వదిలేశాం. నేల మీద డమ్మీని పడుకోబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రెండు నిమిషాలకే చెమటలు పట్టేలా నొక్కిస్తున్నాం. దానికి అదే మందు.

మిగిలినవాటిని మాకు పనికొచ్చేలా మలుచుకోవడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఇప్పుడు ఒక్కో కంప్యూటర్ ముందు ఒక అమ్మాయి కూర్చుంటుంది, పక్కన ట్రాలీ దగ్గర ఇంకొక అమ్మాయి ట్రేతో నిలబడుతుంది. వీడియో ఆగి ప్రశ్న అడగగానే జవాబు నొక్కకూడదు. ట్రాలీ దగ్గరున్న అమ్మాయి చేతితో చేసి చూపించాలి. అప్పుడు కూర్చున్న అమ్మాయి నొక్కాలి. ఒప్పో తప్పో తెర చెబుతుంది, చేతి సంగతి నేను చెబుతాను. తర్వాత ఇద్దరూ చోట్లు మారతారు. రెండు పాఠాలకి పట్టే టైము ఒక పాఠానికి పడుతోంది, నిజమే. మూడో వరస మాత్రం పోయింది. ఎవరూ కొబ్బరిచెట్లు చూడటం లేదు.

ఇంకో పని కూడా చేశాం, దాని గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. హెచ్‌ఫైవ్‌పీ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ పనిముట్టు ఒకటి ఉంది, నార్వేలో పుట్టింది. మన దగ్గరున్న మామూలు వీడియో తీసుకుని ఎక్కడ ఆపాలో, ఏం అడగాలో, తప్పు చెబితే ఏ నిమిషానికి తీసుకెళ్లాలో మనమే పెట్టుకోవచ్చు. మా మేనల్లుడు ఒక ఆదివారం కూర్చుని నాకు నేర్పాడు. ఫోన్‌ని ఐవీ స్టాండ్‌కి రబ్బరు బ్యాండ్లతో కట్టి, మా ల్యాబ్‌లోనే, మా ట్రేతోనే, మన నాలుగు రంగుల డబ్బాలతోనే తీశాం. రోగి వేషం మా కాలేజీ అటెండరు గారిది. ఆయనకి డైలాగులేం రాసివ్వలేదు. ట్యూబు తీసుకుని అమ్మాయి దగ్గరికి రాగానే "నొప్పెడతాదా అమ్మాయ్? డాక్టరు గారు రాకుండా నువ్వే ఏసేత్తావా?" అన్నాడు. నేను ఆపు అనేలోపు "మా ఆవిడ కాఫీ తెత్తాది, తాగొచ్చా?" అని కూడా అడిగేశాడు. ఆ రెండూ అలాగే ఉంచి, రెండు చోట్లా వీడియో ఆపి, "మీరేం చెబుతారు?" అని పెట్టాం.

కొన్న ప్యాకేజీలో రోగి "ఓకే, గో అహెడ్" అంటాడు. ఒక్కడే ఉంటాడు గదిలో. మన వార్డులో మంచం చుట్టూ కనీసం ముగ్గురుంటారు, అందులో ఒకరు టిఫిన్ క్యారియర్ విప్పుతూ ఉంటారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దని కేస్ షీట్‌లో ఉందో లేదో చూసుకోకుండా కాఫీకి సరేనన్న పిల్లలు మొదటిసారి తొమ్మిది మంది. ఈ ప్రశ్న ఏ విదేశీ వీడియోలోనూ రాదు. మా వీడియో నాణ్యత గొప్పది కాదు, మధ్యలో బయట ఆటో హారన్ వినిపిస్తుంది, ఒకచోట నా మోచెయ్యి అడ్డం వచ్చింది. పిల్లలు అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసింది అదే. ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెట్ లేకుండా నడుపుకుంటున్నాం.

కొనాలా వద్దా అని వేరే కాలేజీల ట్యూటర్లు నన్ను అడుగుతున్నారు. బీపీ, రైల్స్ ట్యూబ్, మందులు ఇచ్చేముందు చూసుకోవాల్సినవి, అంటే వరస, నిర్ణయం, గమనింపు ఉన్న పాఠాలకి డబ్బు పెట్టొచ్చు. కాన్యులా (డ్రిప్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం), క్యాథటర్, సీపీఆర్ లాంటి చేతిపనికి దీని మీద పెట్టే డబ్బుతో ఇంకో చెయ్యి డమ్మీ కొనుక్కోండి. సూది నరంలోకి దిగినప్పుడు వేలికి తెలిసే ఆ చిన్న తేలిక తెరమీద దొరకదు. ట్యూటర్ల పోస్టులు తగ్గించుకోవచ్చని ఎవరైనా యాజమాన్యం ఆశపడితే అసలు కొనొద్దు. మాకైతే దీనివల్ల పని పెరిగింది. కొనేముందు రెండు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి: నెట్ లేకుండా నడుస్తుందా, మన వేస్ట్ రంగులకి మార్చి ఇస్తారా. నోటిమాట నమ్మి మేం చెడ్డాం.

ఈ ఏడాది మేం నలభై కాదు, పన్నెండు లైసెన్సులే తీసుకున్నాం, కంప్యూటర్‌కి ఒకటి చొప్పున. డబ్బా రంగు మార్చమని మూడుసార్లు రాశాను. "వచ్చే వెర్షన్‌లో" అని మూడుసార్లూ ఒకే జవాబు. ఈలోగా పన్నెండు మానిటర్ల కింది అంచున తెల్ల కాగితం అంటించి స్కెచ్ పెన్నుతో రాయించాను: "తెరమీద పసుపు డబ్బా కనిపిస్తే మనకి తెలుపు." రాసింది ఆ లంక ఊరి పిల్లే. చేతిరాత కూడా ముచ్చటగా ఉంటుంది.